ఫార్మసీ చదువు పెరిగినది - వృత్తి పెరిగినదా?

వైద్యుడు మందు వ్రాయును. రోగి దానిని మ్రింగును. ఈ యిరువురి నడుమ నిలిచి, వ్రాసిన మందే ఇచ్చుచున్నామా, ఇచ్చిన మందు ఈ రోగికి తగినదేనా, దానిని అతడు సరిగా వాడుకొనగలడా అని విచారింపవలసిన మూడవ వ్యక్తి యొకడు కలడు. మన దేశపు చట్టములో అతనికి రిజిస్టర్డు ఫార్మసిస్టు అని పేరు. సామాన్యముగా అతని ప్రయోజనము ఎవరి దృష్టికిని రాదు. పొరపాటు జరిగిన నాడు మాత్రమే అతడు జ్ఞాపకమునకు వచ్చును.

ఒక్క ఉదాహరణము చాలును. మెథోట్రెక్సేటు అను మందును కొన్ని రకముల కీళ్లవాతమునకు వారమునకు ఒక్కసారి మాత్రమే, స్వల్పమైన మోతాదులో వాడుదురు. రోగి దానిని ప్రతిదినము వేసుకొనవలసిన మాత్రగా పొరబడినచో, ఎముకల మూలుగలో రక్తకణముల ఉత్పత్తి దెబ్బతిని ప్రాణమునకే ముప్పు వచ్చును. ఇట్టి పొరపాట్లు అనేక దేశములలో జరిగినవి. వైద్య పత్రికలకును ఎక్కినవి. వారములో ఏ రోజున వేసుకొనవలెనో మందు పొట్లముపై వ్రాసి, ఆ మాటను రోగిచేత ఒకసారి తిరిగి చెప్పించుకొని పంపుటకు రెండు నిమిషములు పట్టును. ఫార్మసిస్టు వృత్తి యొక్క సారమంతయు ఆ రెండు నిమిషములలోనే ఉన్నది.

ఈ వృత్తికి శిక్షణ నిచ్చు కళాశాలలు మన దేశములో నేడు వేల సంఖ్యలో ఉన్నవి. ఏటేటా వాటినుండి వెలువడు యువతీయువకుల సంఖ్యయు అట్లే పెరిగినది. శిక్షణ పొందినవారు పెరిగినప్పుడు వృత్తి గౌరవము పెరుగవలెను. రోగికి అందు సేవ పెరుగవలెను. అట్లు జరిగినదా? ఇంటర్మీడియట్ చదువుచున్న విద్యార్థులును, వారికి దారి చూపవలసిన ఉపాధ్యాయులును నిదానించి ఆలోచింపవలసిన ప్రశ్న ఇది.

కల్వము నుండి కళాశాలకు

ఒకనాడు మందు కలుపుట చేతిపని. వైద్యుని గదిప్రక్కనే చిన్న గదిలో కాంపౌండరు కల్వములో పొడులు నూరి, ద్రావకములు కొలిచి, మిశ్రమమును గాజుసీసాలో పోసి, ఎన్ని మోతాదులో తెలియుటకు సీసాకు కత్తిరించిన కాగితపు పట్టీ అంటించి ఇచ్చుచుండెడివాడు. అతని విద్య గురుముఖతః వచ్చినది. పుస్తకముల మూలముగ వచ్చినది తక్కువ. నమ్మకస్తులైన కాంపౌండర్లు ఎందరో ఉండిరి. కాని మందు స్వచ్ఛమైనదో కాదో, దానిని కలుపువానికి ఎంత తెలియునో విచారించు చట్టము లేకుండెను.

ఈ దుస్థితిని పరిశీలించుటకు 1930లో నాటి ప్రభుత్వము కర్నల్ ఆర్. ఎన్. చోప్రా అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది. 1931లో ఆ సంఘము నివేదిక సమర్పించుచు, మందుల నాణ్యతకు చట్టము, మందు కలుపువారికి శిక్షణ, రెండును అవసరమని సూచించినది. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవలాల్ ష్రాఫ్ కృషివలన ఔషధ రసాయనశాస్త్ర బోధన ఆరంభమైనది. 1937లో అక్కడనే మూడేండ్ల బి.ఫార్మసీ పట్టా ఏర్పడినది. భారతదేశమున ఫార్మసీ విద్యకు అది పునాది.

1940లో ఔషధముల చట్టము వచ్చినది. స్వాతంత్ర్యానంతరము 1948లో ఫార్మసీ చట్టము వచ్చినది. మరుసటి సంవత్సరము ఫార్మసీ కౌన్సిల్ ఏర్పడి, చదువునకు ప్రమాణములను నిర్ణయించు బాధ్యతను స్వీకరించినది. అప్పటికే అనుభవము గడించి ఉన్న కాంపౌండర్లకు కూడ తొలి పట్టికలలో చోటు దొరకునట్లు ఆ చట్టము వీలు కల్పించినది. తెలుగునాట 1951లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు ఫార్మసీ శాఖ వెలసినది. ఆ నాళ్లలో ఇట్టి శాఖలు దేశము మొత్తము మీద వ్రేళ్లపై లెక్కింపదగినన్నియే. చదివినవారు కొలదిమంది, వారికి పని కొదువ లేదు.

సీట్ల వెల్లువ

ఆ పరిస్థితి మారుటకు కారణములు అనేకము. మొదటిది పరిశ్రమ. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో మందుల కర్మాగారమును స్థాపించినది. అందు పనిచేసి అనుభవము గడించినవారిలో కొందరు తరువాత స్వయముగ సంస్థలను నెలకొల్పిరి. కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ అట్టి వాటిలో ప్రసిద్ధమైనది. హైదరాబాదు చుట్టును మందుల తయారీ వ్యాపించినకొలది, ఫార్మసీ చదివినవారికి ఉద్యోగము నిశ్చయమను భావము తెలుగు కుటుంబములలో బలపడినది.

రెండవది విదేశయాత్ర. బి.ఫార్మసీ ముగించి అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులు తక్కువవారు కారు. అయితే అక్కడ విదేశ పట్టభద్రులు ఫార్మసిస్టుగా అనుమతి పొందవలెనన్న, 2003 జనవరి 1 తరువాత పట్టా పొందినవారికి కనీసము ఐదేండ్ల చదువు ఉండవలెనను నిబంధన వచ్చినది. మన బి.ఫార్మసీ నాలుగేండ్లది. దారి ఇరుకైనది. 2008లో మన దేశమున ఆరేండ్ల ఫార్మ్.డి. పాఠ్యక్రమము ఆరంభమైనప్పుడు, ఆసుపత్రులలో వైద్యునితో కలిసి పనిచేయగల ఫార్మసిస్టును తయారుచేయుట దాని ఉద్దేశ్యముగా చెప్పబడినను, విదేశపు తలుపు తిరిగి తెరచుకొనునను ఆశతో అందు చేరినవారును ఉండిరి.

మూడవది ప్రవేశపు సౌలభ్యము. వైద్యకళాశాలలో సీటు దొరకని బై.పి.సి. విద్యార్థికి ఫార్మసీ సమీపపు ఆశ్రయము. ఎం.పి.సి. చదివినవారును బి.ఫార్మసీకి అర్హులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో 2008 ప్రాంతమున బోధన రుసుమును ప్రభుత్వమే చెల్లించు పథకము విస్తరించినది. దానివలన పేద కుటుంబముల పిల్లలు వృత్తివిద్యలలో కాలు మోపగలిగిరి. అది మేలే. కాని విద్యార్థి రుసుమునకు ప్రభుత్వము పూచీ పడుటతో, కళాశాల పెట్టువారికి సీటు నిండిన చాలునను ధైర్యమును కలిగినది. పట్టణముల పొలిమేరలలో, రహదారుల ప్రక్కన కళాశాలల భవనములు లేచినవి. భవనములు లేచినంత వేగముగ బోధకులును, ప్రయోగశాలలును, శిక్షణకు తగిన ఆసుపత్రులును ఏర్పడుట సాధ్యము కాదు గదా!

అమెరికా నేర్చిన పాఠము

ఈ అనుభవము మనకొక్కరికే కలిగినది కాదు. 2000 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖకు చెందిన సంస్థ యొకటి, దేశములో ఫార్మసిస్టుల కొరత తీవ్రముగా నున్నదని నివేదిక ప్రకటించినది. మందుల వాడకము పెరుగుట, అంగళ్లు విస్తరించుట దానికి కారణములు. చేరినందుకే అదనపు సొమ్ము ముట్టజెప్పి ఫార్మసిస్టులను పిలిచిన కాలమది. కొరత యున్నచోటికి కళాశాలలు పరుగెత్తినవి. 2000 ప్రాంతమున ఆ దేశములో సుమారు 80 ఫార్మసీ కళాశాలలు ఉండగా, ఇరువది సంవత్సరములలోపల వాటి సంఖ్య 140 దాటినది. ఏటా పట్టా పొందువారు సుమారు 7,000 నుండి ఇంచుమించు రెట్టింపైరి.

తరువాత ఏమైనది? ఉద్యోగములు ఆ వేగముతో పెరుగలేదు. కొరత తీరిపోయి, పెక్కుచోట్ల ఉద్యోగార్థులే అధికమైరి. చదువుకై చేసిన అప్పు లక్షల డాలర్లకు చేరుచుండగా, జీతము పెరుగుదల నిలిచినది. ఈ సంగతి గ్రహించిన విద్యార్థులు దరఖాస్తు పెట్టుట తగ్గించిరి. దరఖాస్తులు తగ్గినను సీట్లు నింపవలసిన అవసరము కళాశాలలకు తప్పలేదు. అందుచేత చేర్చుకొనుటలో పట్టు సడలినది. ఫార్మసిస్టుగా అనుమతి పొందుటకు వ్రాయవలసిన జాతీయ పరీక్షలో, మొదటిసారి వ్రాసినవారిలో 2014లో నూటికి సుమారు 95 మంది ఉత్తీర్ణులు కాగా, 2023 నాటికి ఆ సంఖ్య 80కి లోబడినది. నడుమ పరీక్షా విధానము మారుట, కరోనా కాలమున చదువు దెబ్బతినుట కూడ దీనికి తోడైనవి; అయినను ప్రవేశములలోని సడలింపును కాదనుటకు వీలులేదు.

విచిత్రమేమన, ఇందరు ఫార్మసిస్టులున్నను అంగడిలోని ఫార్మసిస్టు పని తేలిక కాలేదు. 2023లో కొన్ని పెద్ద వ్యాపారసంస్థల అంగళ్లలోని ఫార్మసిస్టులు, తమకు సహాయకులు చాలుట లేదనియు, ఇంత ఒత్తిడిలో రోగికి పొరపాటు చేయుదుమేమో యను భయము కలుగుచున్నదనియు చెప్పి, పని మానివేసి నిరసన తెలిపిరి. పట్టభద్రుల సంఖ్యను కళాశాలలు పెంచగలవు. వారిలో ఎందరిని పనిలో పెట్టుకొనవలెనో నిర్ణయించునది యజమాని. ఈ రెండు లెక్కలకును పొంతన లేనప్పుడు నష్టపడునది విద్యార్థియు, రోగియు.

గోడమీది పట్టా

మన సంకటము అమెరికా సంకటము వంటిదే అయినను, దానికి మరియొక ముడి కూడ పడినది. అక్కడ ఫార్మసిస్టు అంగడిలో లేనిచో మందు ఇచ్చు పని ఆగిపోవును. ఇక్కడ ఆగుట లేదు.

చట్టములో లోపము లేదు. వైద్యుని చీటీపై మందు కలిపి ఇచ్చుటకు గాని, మందు అందించుటకు గాని రిజిస్టర్డు ఫార్మసిస్టునకు తప్ప అన్యులకు అధికారము లేదని 1948 నాటి ఫార్మసీ చట్టము 42వ విభాగము చెప్పుచున్నది. చీటీమీది మందులు అతని స్వయం పర్యవేక్షణలోనే అమ్మవలెనని 1945 నాటి ఔషధముల నిబంధనలును చెప్పుచున్నవి. అందుచేత మందుల దుకాణమునకు లైసెన్సు కావలెనన్న ఒక ఫార్మసిస్టు పేరు, అతని రిజిస్ట్రేషను పత్రము కావలెను. ఈ నిబంధననుండియే ఒక దురాచారము పుట్టినది. పత్రము గోడపై వ్రేలాడును. పత్రము గల మనిషి మరియొక ఊరిలో మరియొక పని చేసికొనుచుండును. పేరు వాడుకొన్నందుకు దుకాణదారుడు అతనికి నెలనెలా కొంత సొమ్ము పంపును. బల్లవెనుక నిలిచి మందులిచ్చు కుర్రవాడు పేర్లు చదువ నేర్చినవాడే కాని మందు గుణము తెలిసినవాడు కాడు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల వాసన యను సామెత ఇట్టి దుకాణములకు సరిపోవును.

అన్ని దుకాణములును ఇట్టివే యనుట అన్యాయము. యజమానియే ఫార్మసిస్టుగా ఉండి, ఉదయమునుండి రాత్రివరకు నిలువుకాళ్ల సేవ చేయు దుకాణములు ప్రతి పట్టణమునను కలవు. అయినను పత్రమును అద్దెకిచ్చు ఆచారము ఎంతగా పాతుకొన్నదో ఆ రంగముతో పరిచయమున్నవారికి తెలియును. ఔషధ తనిఖీ అధికారులు ఫార్మసిస్టు లేని దుకాణముల లైసెన్సులను తాత్కాలికముగ నిలిపివేయు వార్తలు ఇప్పటికిని పత్రికలలో కనబడుచునే యున్నవి.

ప్రవేశములు పెరుగుటకును దీనికిని గల సంబంధము ఇచ్చటనే ఉన్నది. దుకాణమునకు కావలసినది ఫార్మసిస్టు విద్య అయినచో, చదివినవారు పెరిగినకొలది రోగికి మంచి సేవ అందును. దుకాణమునకు కావలసినది అతని కాగితము మాత్రమే అయినచో, చదివినవారు పెరిగినకొలది ఆ కాగితము వెల తగ్గును, అంతే. నేను కూర్చొని పనిచేసెదను, తగిన జీతమిండు అని అడుగు యువకునికి, కాగితమిచ్చి ఇంటికి పోవు మరియొకడు పోటీ యగుచున్నాడు. ఇట్టి స్థితిలో వేయిమందికి బదులు పదివేలమంది పట్టా పొందినను వృత్తికి బలము రాదు.

దుకాణదారుని కష్టమును కూడ వినవలెను. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారము గరిష్ఠధర నిర్ణయింపబడిన మందులపై చిల్లర వర్తకునికి లెక్కగట్టిన లాభాంశము నూటికి 16. చిన్న ఊరి దుకాణములో దీనినుండియే అద్దె, విద్యుత్తు, కాలము తీరిన సరకు నష్టము, పనివారి జీతములు రావలెను. రోగికి చెప్పు మంచిమాటకు వేరుగా రుసుము ఇచ్చు ఆచారము మన దేశములో లేదు. రెండు నిమిషముల సలహాకు విలువ కట్టని సమాజములో, సలహా ఇచ్చువానికి జీతము కట్టువారు తక్కువగా ఉండుటలో ఆశ్చర్యము లేదు.

పట్టభద్రులు మరి ఏమగుచున్నారు? ప్రభుత్వ ఆసుపత్రులలో ఫార్మసిస్టు ఉద్యోగమునకు ప్రకటన వెలువడినప్పుడు ఉన్న ఖాళీలకు ఎన్నో రెట్లు దరఖాస్తులు వచ్చుచున్నవి. కొందరు కర్మాగారములలో తయారీ, నాణ్యత పరీక్ష విభాగములలో చేరుచున్నారు. కొందరు మందుల సంస్థల ప్రతినిధులుగా వైద్యుల వాకిళ్లలో వేచియుండుచున్నారు. హైదరాబాదులో ఎందరో అమెరికా ఆసుపత్రుల బిల్లులకు సంకేతములు వేయు మెడికల్ కోడింగు పనిలో కుదురుకొనిరి. ఇవన్నియు గౌరవప్రదమైన పనులే. కాని రోగి ఎదుట నిలువవలసిన మనిషి మాత్రము రోగికి దూరమగుచున్నాడు.

నిషేధము - న్యాయస్థానము

ఈ వెల్లువను గమనించి ఫార్మసీ కౌన్సిల్ 2019 జూలైలో ఒక తీర్మానము చేసినది. 2020-21 నుండి ఐదు విద్యాసంవత్సరములపాటు కొత్త డిప్లొమా, డిగ్రీ కళాశాలలకు అనుమతి లేదని దాని సారాంశము. ప్రభుత్వ సంస్థలకు, ఈశాన్య రాష్ట్రములకు, కళాశాలలు తక్కువగా ఉన్న రాష్ట్రములకు మినహాయింపు లభించినది. కళాశాలలు పెట్టదలచినవారు హైకోర్టులకు వెళ్లిరి. ఢిల్లీ, కర్ణాటక, ఛత్తీస్‌గఢ్ హైకోర్టులు ఆ నిషేధమును కొట్టివేసినవి. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టును ఆ తీర్పులను బలపరచినది. విద్యాసంస్థను స్థాపించుట రాజ్యాంగము 19వ అధికరణము క్రింద లభించిన హక్కు గనుక, దానిపై పరిమితి విధింపవలెనన్న శాసనము ద్వారా విధింపవలెనే గాని పాలనాపరమైన తీర్మానము ద్వారా కాదని ఆ తీర్పు సారము. పరిమితి అవసరమే లేదని న్యాయస్థానము చెప్పలేదు. పరిమితి విధించిన పద్ధతి సరికాదన్నది.

తలుపు మూయుట సాధ్యము కానప్పుడు, తలుపు దాటువారిని పరీక్షించుట మిగిలిన మార్గము. డి.ఫార్మసీ ముగించినవారు రిజిస్ట్రేషనుకు ముందు ఒక నిష్క్రమణ పరీక్షలో ఉత్తీర్ణులు కావలెనను నియమము 2022లో వెలువడినది. దానిని నిజాయితీతో జరిపినచో కొంత మేలు కలుగును. కాని ఎంత మంచి పరీక్షయైనను, పరీక్షలో నెగ్గినవానిని తీసికొనివచ్చి దుకాణములో నిలుపజాలదు. ఆ పని తనిఖీలు చేయవలెను. మందు కొనువాడు అడుగవలెను. 2015లో వచ్చిన ఫార్మసీ వృత్తి నిబంధనలు, మందు ఇచ్చునప్పుడు రోగికి దాని పేరు, వాడు విధానము, దుష్ఫలితములు, దాచు పద్ధతి వివరించుట ఫార్మసిస్టు విధియని స్పష్టముగ చెప్పినవి. 2014 మార్చి 1 నుండి అమలైన హెచ్-1 షెడ్యూలు ప్రకారము, క్షయవ్యాధి మందులును, కొన్ని శక్తిమంతములైన యాంటీబయాటిక్కులును అమ్మినప్పుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పరిమాణము పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపరుపవలెను. సూక్ష్మజీవులు మందులకు లొంగకపోవుట ప్రపంచమంతటను భయము గొలుపుచున్న ఈ దినములలో ఆ పుస్తకము సామాన్యమైనది కాదు. దానిని అర్థము తెలిసి వ్రాయువాడు బల్లవెనుక ఉండవలెను.

చేరుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

ఇంతమాత్రమున ఫార్మసీ చదువరాదని చెప్పుట పొరపాటు. వృద్ధులు పెరుగుచున్న దేశము మనది. మధుమేహము, రక్తపుపోటు, ఉబ్బసము వంటి దీర్ఘవ్యాధులతో రోజుకు నాలుగైదు మాత్రలు మ్రింగువారు ప్రతి వీధిలోను ఉన్నారు. థైరాయిడు మాత్రను పరగడుపున వేసుకొనవలెననియు, ఇనుము మాత్రతోపాటు టీ త్రాగినచో ఆ ఇనుము ఒంటికి సరిగా పట్టదనియు, ఉబ్బసపు పీల్పుమందును ఎట్లు పీల్చవలెననియు చెప్పువారు కావలెను. పని ఉన్నది. ఆ పనికి కుర్చీయు, జీతమును ఇంకను పూర్తిగా ఏర్పడలేదు.

కావున సలహా చెప్పు ఉపాధ్యాయుడు విద్యార్థిని కొన్ని ప్రశ్నలు అడుగునట్లు ప్రోత్సహింపవలెను. ఆ కళాశాలలోని ఆ పాఠ్యక్రమమునకు ఆ సంవత్సరము ఫార్మసీ కౌన్సిల్ ఆమోదము ఉన్నదా? బోధకులు నిజముగ తరగతికి వచ్చుచున్నారా, లేక తనిఖీనాడు మాత్రమే కనబడుచున్నారా? డి.ఫార్మసీకి విధింపబడిన 500 గంటల ఆచరణ శిక్షణను విద్యార్థి నిజముగ ఒక ఆసుపత్రిలోనో, దుకాణములోనో గడుపుచున్నాడా, లేక సంతకముతోనే గంటలు పూర్తియగుచున్నవా? చదువు ముగించినవారు ఎక్కడ, ఏ పనిలో ఉన్నారు? భవనపు ఎత్తు, ప్రకటనల రంగులు ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పవు.

విద్యార్థి తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యొకటి మిగిలియున్నది. పత్రము చేతికి వచ్చిన తరువాత దానిని అద్దెకిండని ఎవరో ఒకరు తప్పక వచ్చెదరు. శ్రమ లేని ఆదాయము, ఎవరికిని నష్టము లేదని నచ్చజెప్పెదరు. నష్టము లేదన్న మాట అబద్ధము. ఆ పత్రము క్రింద నిలిచి మందు పుచ్చుకొను రోగి, చదివినవాడే తనకు మందిచ్చుచున్నాడని నమ్ముచున్నాడు. వారమునకు ఒక్కసారి వేసుకొనవలసిన మాత్రను అతడు ప్రతిదినము వేసుకొన్ననాడు, హెచ్చరింపవలసిన మనిషి అక్కడ ఉండడు. అతని పేరు మాత్రము గోడపై నుండును.

ఎన్ని సీట్లు పెంచవలెను, ఎన్ని తగ్గింపవలెనను వాదము ప్రభుత్వములును, న్యాయస్థానములును తేల్చుకొనవలసినది. పట్టా పొందిన ప్రతివాడును తన పత్రమున్న చోటనే తానును ఉండుట మాత్రము ఎవరి అనుమతియు అక్కరలేని పని. వృత్తి పెరిగినదా లేదా యనుటకు కొలమానము అదియే.